వాగు నీటిలోని నత్తలు: నెల్సన్ అన్నండేలు జీవితము

న్యాయస్థానములలో వాగునకు ఒక్కటే రూపము. అది ఒక సర్వే నెంబరు. దాని ప్రక్కన పోరంబోకు అను మాట. దాని క్రింద ఇన్ని ఎకరములు, ఇన్ని సెంట్లు అను లెక్క. గట్టు ఎవరిది, ఇసుక ఎవరిది, వాగు దారి మార్చుకొన్నపుడు బయటపడిన మెట్ట ఎవరిది అని మేము ఏండ్ల తరబడి వాదించితిమి. ఇతరులు వాదించుట వింటిమి. పటములు పరచి హద్దురాళ్ళను లెక్కించితిమి. కాని ఆ వాగు నీటిలో ఏమేమి బ్రదుకుచున్నవో ఏ పక్షమువారును చెప్పలేదు. ఏ న్యాయాధిపతియు అడుగలేదు. చట్టమునకు వాగు కేవలము నేల. నేలకు హద్దులున్నవి. హద్దులు తేలినచో వ్యాజ్యము తేలినట్లే.

సర్వే అను మాటకు మఱియొక యర్థము కలదు. నేలను కొలుచుట ఒక సర్వే. నేల క్రింది రాతిని, బొగ్గును వెదకుట ఒక సర్వే. నేల మీదను నీటిలోను చరించు జీవులను ఊరూరను, వాగువాగునను పరిశీలించి పట్టిక వ్రాయుట వేఱొక సర్వే. ఈ మూడవదానికి మన దేశములో 1916లో ఒక శాఖ ఏర్పడెను. దానిని ఏర్పఱచినవాడు, మొదటి డైరెక్టరుగా దానిని నడపినవాడు, అందులోనే అసువులు బాసినవాడు నెల్సన్ అన్నండేలు. జంతుశాస్త్రము చదివినవారికి ఆ పేరు సుపరిచితము. తక్కిన చదువుకొన్నవారిలో పలువురకు అపరిచితము. ఆయన జీవితమును మన పాఠకులకు పరిచయము చేయుటకు మాకొక ప్రత్యేక కారణము కలదు. ఆయన తన యుత్తర వయస్సులో శ్రద్ధతో పరిశోధించినవి ఏనుగులు కావు, పులులు కావు. మన చెఱువులలోను వాగులలోను ఉండు మంచినీటి నత్తలు. ఆ నత్తలలో మన రైతుల పశువుల ఆరోగ్యమును, ఒకప్పుడు మన జనుల ఆరోగ్యమును ఇమిడియున్నవి.

థామస్ నెల్సన్ అన్నండేలు 1876 జూన్ 15వ తేదీన స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి థామస్ అన్నండేలు శస్త్రవైద్యుడు. ఎడింబరో విశ్వవిద్యాలయములో ప్రఖ్యాతుడైన లిస్టరు విడిచిన ఆచార్యపీఠమును అధిష్ఠించినవాడు. తల్లి ప్రసిద్ధమైన నెల్సను గ్రంథప్రచురణకర్తల కుటుంబమునకు చెందినది. ఇట్లు ఒకవంక శాస్త్రమును, ఒకవంక గ్రంథములును గల యింట ఆయన పెరిగెను. రగ్బీ పాఠశాలలోను, పిమ్మట ఆక్స్‌ఫర్డు బేలియలు కళాశాలలోను చదివెను. అట్టి చదువు చదివినవారికి ఆ కాలమున ఉద్యోగములకు కొఱత లేదు. కాని ఆయన దృష్టి దూరదేశములపై నుండెను.

1899లో స్కీటు నాయకత్వమున మలయా ద్వీపకల్పపు టుత్తర భాగములకు పోయిన పరిశోధక బృందములో ఆయన చేరెను. 1901-02లో హెర్బర్టు రాబిన్సనుతో గూడి ఆ దేశమునకే మరల పోయి, అచటి మనుష్యులను గూర్చియు జంతువులను గూర్చియు విషయములు సేకరించెను. ఉష్ణదేశములతో తృప్తినొందక ఫేరో ద్వీపములకును ఐసులండునకును బోయి, 1905లో ఆ ద్వీపవాసులను గూర్చి ఒక గ్రంథము వెలువరించెను. మనుష్యుని గూర్చిన శాస్త్రమును జంతువుల గూర్చిన శాస్త్రమును ఆయనకు రెండు వేర్వేరు గదులు కావు. జీవి యెట్టిదైనను అది యుండు చోటును బట్టి, తిను తిండిని బట్టి, దాని రూపమును నడవడియు ఏర్పడుచున్నవను భావము ఆయనను జీవితాంతము విడువలేదు.

1904లో ఆయన కలకత్తా చేరెను. అచటి ఇండియన్ మ్యూజియమునందలి ప్రకృతిశాస్త్ర విభాగమునకు ఆల్కాకు అధిపతిగా నుండెను. అన్నండేలు ఆయనకు సహాయకుడయ్యెను. 1907లో ఆయన స్థానమునకు వచ్చెను. వచ్చిన ఆ సంవత్సరమే మ్యూజియము తరఫున శాస్త్రపత్రికను స్థాపించెను. అంతవఱకు ఈ దేశపు జంతువులను గూర్చిన వ్యాసములు పెక్కు లండను పత్రికలలో వెలువడుచుండెను. ఇచట దొరకిన వస్తువు, ఇచటనే పరీక్షింపబడి, ఇచటనే ప్రకటింపబడవలెనను పద్ధతికి ఆ పత్రిక బలము చేకూర్చెను. స్వదేశీ యుద్యమము వంగదేశమును ఊపుచున్న దినములవి. ఆ యుద్యమముతో ఆయనకు సంబంధము లేదు. ఐనను ఆయన చేసిన యీ పని ఫలితమునందు స్వదేశీయమే యని మేము తలచుచున్నాము.

మొదటి సంవత్సరములలో ఆయన దృష్టిని ఆకర్షించినవి కలకత్తాకు దిగువనున్న పోర్టు క్యానింగు ఉప్పుకుంటలు. గొప్ప రేవు కట్టవలెనని 19వ శతాబ్దమున ప్రారంభించి, విఫలమైన చోటు అది. వ్యాపారులు విడిచిపోయిన ఆ కుంటలలో, కొంత ఉప్పును కొంత తీపును గల నీటిలో, సముద్రజీవులు కొన్ని చిక్కువడి బ్రదుకు నేర్చుకొన్నవి. రేవుగా పనికిరాని చోటు శాస్త్రమునకు పనికివచ్చెను. 1907లో ఆయన ఆ కుంటల జీవులను గూర్చి వ్రాసెను. 1911లో మంచినీటి స్పంజికలు మొదలగు అల్పజీవులను గూర్చి ఆయన రచించిన సంపుటము బ్రిటిషు ఇండియా జంతుజాల గ్రంథమాలలో వెలువడెను. ఎవరును కన్నెత్తి చూడని నీటిని చూచుట ఆయనకు అప్పటికే స్వభావమై పోయినది.

ఇక నత్తల సంగతి. ఆయనకు ముందు మన దేశపు నత్తలను గూర్చి శ్రమపడినవారు లేకపోలేదు. బెన్సను, బ్లాన్ఫర్డు, గాడ్విన్ ఆస్టెను, నెవిలు మున్నగువారు వేలకొలది గుల్లలను ప్రోగుచేసి వర్ణించిరి. కాని ఆనాటి పరిశోధనలో పెద్దపాలు గుల్లకే దక్కెను. సైన్యోద్యోగి యొకడు నదియొడ్డున ఎండిన గుల్లను ఏరి పంపును. పండితుడు దానిని సొఱుగులోనుంచి పేరు పెట్టును. ఆ గుల్లలోపలి జీవి ఎట్టిదో పేరు పెట్టినవాడు చూచియుండడు. దీనివలన రెండు చిక్కులు పుట్టినవి. ఒకే జాతి నత్త నిలువనీటిలో నొక విధముగను, పాఱునీటిలో నొక విధముగను గుల్ల కట్టును. కావున ఒక్కదానికే పలుపేరులు వచ్చినవి. అట్లే లోపల వేర్వేరు జీవులై పైకి ఒకేరీతి గుల్ల గలవి ఒక్క పేరు క్రిందనే చేరినవి. ఇది వట్టి పేర్ల తగవు కాదని తరువాత తేలెను.

అన్నండేలు అవలంబించిన పద్ధతి వేఱు. నత్తను దాని నీటిలోనే చూడవలెను. అది రాతి క్రిందనున్నదా, ఆకు అడుగున నంటియున్నదా, బురదలో దూరియున్నదా గుర్తింపవలెను. నీటి లోతెంత, వడి యెంత, ఉప్పెంత, ఏ మాసము, ఏ చోటు అను వివరములు ఆనాడే వ్రాసికొనవలెను. కొన్నింటిని ప్రాణముతో గాజుపాత్రలో నుంచి నడకను, మేతను, పిల్లలను కనుటను చూడవలెను. కొన్నింటిని స్పిరిటులో భద్రపఱచి కోసి పరీక్షింపవలెను. నత్త నాలుకపైని సూక్ష్మమైన పండ్ల వరుసను, గుల్లద్వారమును మూయు మూతను, శ్వాసావయవమును చూడనిదే జాతి నిర్ణయింపరాదు. వాగు వెంబడి కొట్టుకొనివచ్చిన వట్టి గుల్ల, మాకు పరిచితమైన భాషలో చెప్పవలెనన్న, వినికిడి సాక్ష్యము వంటిది. అది యెచట బ్రదికినదో అది చెప్పజాలదు. బ్రదికియున్న నత్తయే ప్రత్యక్ష సాక్షి.

ఆయన పేరు తెలుగువారి చరిత్రతో కలిసిన చోటు చిలుక సరస్సు. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. ఆంధ్రరాష్ట్రమునకు హద్దులెచటనను చర్చ ఆరంభమైనది. గంజాం జిల్లా నాడు మద్రాసు రాజధానిలోనిది. బరంపురములోను, దాని చుట్టుప్రక్కలను తెలుగువారు తరతరములుగా నిలిచియుండిరి. ఆ జిల్లా ఎవరిదను వాదము మనకును ఉత్కళ సోదరులకును పెరుగుచున్న కాలముననే, అన్నండేలును ఆయన సహోద్యోగి స్టాన్లీ కెంపును ఆ జిల్లా సరిహద్దుననున్న చిలుక నీటిని ఋతువు ఋతువునకు పరీక్షించుచుండిరి. వానకాలమున మహానది పాయలు నీరు తెచ్చి నింపగా సరస్సులో చాలభాగము తీయనగును. వేసవిలో సముద్రపు నీరు లోనికి వచ్చి ఉప్పనగును. ఒకే నీటిలో ఏటేట రెండు లోకములు. ఏ జీవి రెంటిని తాళగలదు, ఏది వచ్చిపోవు చుట్టము, ఏది స్థిరవాసి అని వారు వేఱుచేసి చూపిరి. ఆ పరిశోధన ఫలితములు 1915 మొదలు 1924 వఱకు మ్యూజియమువారి బృహత్సంపుటములలో నొకటిగా వెలువడినవి.

చిలుక దక్షిణభాగమున రంభకు సమీపమున బర్కుడా అను చిన్న ద్వీపము కలదు. అచట ఆయన కాళ్ళు లేని యొక బల్లి జాతిని కనుగొని, 1917లో ఆ ద్వీపము పేరనే దానికి నామకరణము చేసెను. 1921లో ఆ యొక్క దీవి జీవులను గూర్చియే ప్రత్యేకముగ వ్రాసెను. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి గంజాం జిల్లాలో చాలభాగము అందు చేరిపోయినది. హద్దులు మాఱినవి, తాలూకా కచేరీల బోర్డులు మాఱినవి. ఆయన వ్రాసిన పట్టిక మాత్రము మాఱలేదు. 1980ల దశకమున ఆ సరస్సును మరల సర్వే చేసినపుడు, ఏది మిగిలినది, ఏది పోయినది అని పోల్చుకొనుటకు ఆ పట్టికయే ఆధారమైనది.

భూగర్భశాస్త్రమునకు ప్రభుత్వశాఖ యున్నపుడు జీవశాస్త్రమునకు ఏల యుండరాదని ఆయన పట్టుపట్టెను. తుదకు ప్రభుత్వము సమ్మతించెను. 1916 జులై 1వ తేదీన భారత జంతు సర్వేక్షణ శాఖ ఏర్పడెను. యూరపులో మహాసంగ్రామము సాగుచున్న కాలమున, ఖజానా బిగించియున్న కాలమున, నత్తలను కప్పలను పరిశోధించుటకు ఒక శాఖను సంపాదించుట సామాన్యమైన వకాల్తా కాదు.

సరస్సులను పోల్చుట ఆయనకు వ్యసనమయ్యెను. 1912లో పాలస్తీనాలోని తిబెరియ సరస్సును చూచెను. 1915లో జపాను దేశపు బీవా సరస్సును, పిమ్మట చైనా, సయాము దేశముల సరస్సులను పరిశోధించెను. బర్మాలోని షాను కొండల నడుమనున్న ఇన్లే సరస్సు నత్తలను గూర్చి 1918లో వ్రాసెను. ఆ సరస్సులో నునుపైన గుల్ల మొదలు గంట్లు, బొడిపెలు తేలిన గుల్ల వఱకు గల నత్తలను చూచి, వానికి టైయా అని క్రొత్త ప్రజాతి నామముంచెను. చేరువ మైదానమున ఎండిపోయిన పూర్వపు సరస్సుల అడుగున దొరకిన శిలారూప గుల్లలను తెచ్చి వానితో పోల్చెను. కాలక్రమమున నీటి గుణమును బట్టి గుల్ల మాఱిన విధము అందు కానవచ్చెను. పరిణామవాదమును పుస్తకములలో చదివినవారు పెక్కుమంది కలరు. ఒక్క మైదానములో, పిడికెడు గుల్లలలో దానిని చేత పట్టి చూడబోయినవారు కొద్దిమందియే.

ఇంతవఱకు చెప్పినది విజ్ఞానము కొఱకు విజ్ఞానము. యుద్ధము ఆ పరిశోధనకు ప్రాణసంకటమైన ప్రశ్న నొకదానిని జోడించెను. ఈజిప్టు దేశమున రక్తనాళములలో నివసించు ఒక పురుగువలన బిల్హార్జియా అను వ్యాధి అనాదిగా కలదు. రోగి మూత్రముతోను మలముతోను వెలువడు గ్రుడ్లు నీటిలో చిదిగి, ఆ పిల్లపురుగులు నత్తలోనికి దూరి, అందు వృద్ధిపొంది, వేలకొలదిగా మరల నీటిలోనికి వచ్చి, ఆ నీటిలో దిగిన మనుష్యుని చర్మమును తొలిచి లోనికి పోవును. జపానులో మియైరీ, సుజుకీ అను పండితులు 1913లోను, ఈజిప్టులో లీపరు 1915లోను నత్త పాత్రను నిరూపించిరి. ఆ ఈజిప్టు దేశమునందును, మెసపొటేమియాయందును మన సిపాయిలు పోరాడిరి. కొందఱైనను ఆ పురుగును రక్తమున మోసికొని ఇండ్లకు మరలివచ్చుచున్నారను భయము పుట్టెను.

ఈ భయమెట్టిదో పాఠకులు యోచింపుడు. రోగి వచ్చినాడు. నీరు మన దేశమున ప్రతి యూరను కలదు. పొలములలో దిగనిదే వరి నాటులేదు. చెఱువులో దిగనిదే చాకిరేవు లేదు, పశువుల కడుగుట లేదు. ఇక కావలసినది మూడవది ఒక్కటే. ఆ పురుగునకు ఆశ్రయమిచ్చు నత్త. అట్టి నత్త మన వాగులలో కలదా? ఈజిప్టులో ఒక విధమైన పురుగునకు ఆతిథ్యమిచ్చినది చదునుగా చుట్టుకొన్న గుల్లగల ప్లానార్బిసు నత్త. మన చెఱువులలోను, మెల్లగ పాఱు వాగులలోను, వరిమళ్ళలోను అట్టి చదునుచుట్టు నత్తయే విరివిగా కలదు; దానికిని నాడు ప్లానార్బిసు అనియే పేరు. పేరును బట్టి చూచినచో దేశమంతయు అపాయములో నున్నట్లే. గుల్లనుబట్టి పెట్టిన పేరు నిజమా కాదా అనునది ఇపుడు పండితుల తగవు గాక ప్రజల ప్రాణములకు సంబంధించిన విషయమైనది.

ఈ ప్రశ్నను పరిశోధించుటలో జంతు సర్వేక్షణ శాఖవారు ముందునకు వచ్చిరి. కెంపును గ్రేవ్లీయు 1919లో ఈ వ్యాధి మన దేశమున వ్యాపించు సంభావ్యతను గూర్చి తమ పరిశోధనను ప్రకటించిరి. అన్నండేలు భారత దేశపు మంచినీటి నత్తల ప్రజాతులనన్నిటిని మొదటినుండి పునఃపరిశీలించు పనికి పూనుకొనెను. పంజాబునుండి వచ్చిన బేణీప్రసాదుగారు అందు ఆయనకు కుడిచేయి అయిరి. 1921లో సీమూరు సూయెలుతో కలసి, మన చెఱువులలో ఎల్లెడల కనబడు చారల నత్తను గూర్చి సమగ్రమైన గ్రంథమువంటి వ్యాసము వ్రాసెను. గ్రుడ్లు పెట్టక పిల్లలనే కను నత్త అది. దాని శరీరనిర్మాణమును, దానిలో నివసించు పరాన్నజీవులను అందు పరిశోధించిరి. 1922లో సూయెలు మన నత్తలనుండి వెలువడు పురుగు పిల్లల రూపములను పెక్కింటిని వర్ణించెను. ఆ 1921లోనే అన్నండేలును బేణీప్రసాదుగారును చదునుచుట్టు నత్తను ఈజిప్టు నత్త వంశమునుండి వేఱుచేసి, ఇండోప్లానార్బిసు అని క్రొత్త ప్రజాతిగ నిలిపిరి. భయపడినంత ఉపద్రవము రాలేదు. మరలివచ్చిన సిపాయిల వెంట ఆ వ్యాధి మన గ్రామములలో వ్యాపింపలేదు.

జపాను, చైనా దేశములలో ఈ పురుగును మోయు నత్తలను, వానివలె కనిపించి మోసపుచ్చు ఇతర నత్తలను వేఱుచేసి చూపు ఆయన వ్యాసము 1924లో అమెరికాలో వెలువడెను. దోషిని గుర్తించుట యెంత ముఖ్యమో, దోషిని బోలిన నిర్దోషిని విడిపించుటయు అంత ముఖ్యమే గదా!

భారతీయులను శాస్త్రమునకు తెచ్చుటలోను ఆయన చేయి కలదు. 1919లో లాహోరు కళాశాలలో సుందరలాల్ హోరా అను యువకుని చూచి కలకత్తాకు పిలిచెను. ఆ యువకుడు తరువాత మన మంచినీటి చేపల శాస్త్రమునకు పెద్దదిక్కై, 1947లో ఆ శాఖకే డైరెక్టరయ్యెను. బేణీప్రసాదుగారు అంతకుముందే ఆ పదవి నలంకరించిన మొదటి భారతీయులైరి. 1920లో నాగపురమున జరిగిన సైన్సు కాంగ్రెసులో ప్రశాంతచంద్ర మహలనోబిసుగారిని కలసి, తాను కలకత్తా ఆంగ్లోఇండియనుల దేహములను కొలిచి ప్రోగుచేసిన అంకెలను పరిశీలింపుమని కోరెను. మహలనోబిసుగారి మొదటి గణాంక వ్యాసము, 1922లో వెలువడినది, ఆ యంకెలనుండియే పుట్టినది. నేడు మన దేశమున గణాంకశాస్త్రమను మహావృక్షమునకు మొదటి విత్తనములలో ఒకటి ఆ మ్యూజియము గదిలో పడినది.

ఇట్లు చెప్పుట చేత ఆయనయందు లోపములు లేవని మా యభిప్రాయము కాదు. ఆయన సామ్రాజ్యోద్యోగి. నత్తల పరిశోధనకు ధనమును గౌరవమును ఒక్కసారి వచ్చుటకు సైన్యముల ఆరోగ్యము కారణమేగాని, మన పల్లెల ఆరోగ్యము మొదటి కారణము కాదు. తలలు కొలిచి మనుష్యులను తెగలుగ విభజించు ఆనాటి శాస్త్రములో ఆయనకు నమ్మకముండెను. ఆ శాస్త్రపు పునాదులు తరువాత కూలిపోయినవి. పత్రిక ఆంగ్లములో నుండెను, పేరులు లాటినులో నుండెను; ఆ నత్తను తరతరములుగా ఎఱిగిన బెస్తవానికి, బాతులను మేపుకొను కాపరికి ఆ పుస్తకమున తన యూరి పేరు తప్ప తనకు తెలిసిన మాట ఒక్కటియు కానరాదు. ఐనను ఒకటి చెప్పక తప్పదు. ఆ పని చేయవద్దని ఆయన మనలను అడ్డగింపలేదు. చేయగలిగియు మనము చేయలేదు.

1924 జనవరిలో బెంగుళూరున జరిగిన సైన్సు కాంగ్రెసునకు ఆయన అధ్యక్షత వహించెను. వేర్వేరు జీవులు ఒకే పరిస్థితులలో ఒకే రూపునకు వచ్చుట, ఒకే వంశమునవి వేర్వేరు పరిస్థితులలో విడిపోవుట అను విషయములే ఆయన ఉపన్యాసమునకు వస్తువు. ఇరువదియేండ్లు నీటిగట్టున నేర్చిన పాఠమది. ఆ సంవత్సరమే రాయలు సొసైటీ సభ్యత్వము లభించెను. ఏప్రిలు 10వ తేదీన కలకత్తాలో ఆయన మరణించెను. వయస్సు నలువదియేడు. ఆయన స్థానమున సూయెలు డైరెక్టరయ్యెను. కెంపు దక్షిణధ్రువ సముద్ర పరిశోధనకు నాయకుడై పోయెను. గ్రేవ్లీ అంతకుముందే 1920లో మన చెన్నపురి ఎగ్మూరు మ్యూజియమునకు అధిపతియై వచ్చి, 1940 వఱకు అచట నుండెను. చెన్నపురి తెలుగువారు తమ పిల్లలను సెలవుదినములలో ఆ మ్యూజియమునకు తీసికొనిపోవునపుడు, అన్నండేలు పాఠశాలకు చెందిన యొక శాఖ అచట ఇరువదియేండ్లు నిలిచినదని జ్ఞప్తియందుంచుకొనదగును.

ఆయన మరణించిన తొమ్మిదేండ్లకు, 1933లో, ఎం. అనంతనారాయణరావుగారు మద్రాసు పశువైద్య రంగమున నొక ముఖ్యమైన సంగతిని వెల్లడించిరి. ఆవులు ఎద్దులు ముక్కు పూడి, చీము కారి, దూరమునకు వినబడునట్లు గురకపెట్టి క్రుంగిపోవు వ్యాధి యొకటి కలదు. రైతులు గురక రోగమందురు. దానికి కారణము ముక్కు రక్తనాళములలో చేరు ఒక పురుగని, అది బిల్హార్జియా పురుగు జ్ఞాతియని తేలినది. ఆ పురుగునకు నీటిలో ఆశ్రయమిచ్చునది ఏ నత్త? అన్నండేలును బేణీప్రసాదుగారును పేరుపెట్టిన ఇండోప్లానార్బిసు నత్తయే. ఈజిప్టు పురుగు విషయమున నిర్దోషిగ విడుదలయైన నత్త, మన యెడ్ల విషయమున దోషిగ నిలిచినది. దాని పేరును, చిరునామాను, గుర్తులను ముందే వ్రాసియుంచిన పట్టిక యున్నందున, ఏ చెఱువున జాగ్రత్త పడవలెనో పశువైద్యులు చెప్పగలిగిరి. గొఱ్ఱెలకును పశువులకును కాలేయమున చేరు జలగ వ్యాధియు ఇట్టిదే. దానికి ఆశ్రయము లిమ్నియా అను పలుచని గుల్ల నత్త.

1952లో మఱియొక సంగతి బయటపడినది. కొంకణతీరమున, రత్నగిరి జిల్లాలోని గిమ్వి అను పల్లెలో, ఎన్నడును ఈజిప్టు చూడని గ్రామస్థులకు బిల్హార్జియా వంటి మూత్రవ్యాధి యున్నట్లు గాడ్గిలు, షా అను వైద్యులు కనుగొనిరి. అచటి నీటిలో రాళ్ళకు, ఆకులకు అంటియుండు గొడుగువంటి గుల్లగల అతిచిన్న నత్త యొకటి దానికి ఆశ్రయమని వారు తేల్చిరి. గోరంత జీవి; కన్నులు చికిలించి చూచిననే గాని కానరానిది. దేశమంతయు నిరపాయమని నిద్రించియుండగా, ఒక్క పల్లెలో, ఒక్క నీటిపట్టున, అపాయము మిగిలియుండెను. వాగువాగును వెదకవలెనను ఆయన పట్టుదల చాదస్తము కాదని ఇంతకన్న రుజువేమి కావలెను?

ఆయన కూర్చిన సంపదకు ఒక దురదృష్టము సంభవించెను. రెండవ మహాసంగ్రామమున కలకత్తాపై బాంబులు పడునను భయముచేత 1942లో ఆ శాఖను కాశీకి తరలించిరి. 1943లో వరణానది పొంగి ఆ భవనమును ముంచివేసెను. సేకరణలలో చాలభాగము బురద పాలయ్యెను. నీటినుండి తెచ్చినదానిని నీరే తీసికొనిపోయెను. మిగిలినదానిని ఎండబెట్టి, చీటీలు మరల వ్రాసి, కాపాడినవారు మన దేశపు శాస్త్రజ్ఞులు. 1989లో ఆ శాఖవారే ప్రకటించిన ఎన్. వి. సుబ్బారావుగారి భారతదేశపు మంచినీటి గుల్లజీవుల గ్రంథము ఆ పరంపరలోనిదే.

ఇపుడు మా యింటి సంగతికి వత్తము. చెన్నపురిలో కూవము వంతెన దాటునపుడు మనము ముక్కు మూసికొందుము. ఆ నీటిలో ఒకప్పుడు ఏయే నత్తలుండెడివి? ఇపుడేవి కలవు? ఇటీవలి దశాబ్దములలో అమెరికా ఖండమునుండి వచ్చిన ఎడమచుట్టు నత్త యొకటి మన పట్టణముల మురుగునీటిలో వ్యాపించుచున్నది. అది పరదేశి యని చెప్పుటకు, స్వదేశి యేదో ముందుగా తెలిసియుండవలెను. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము కలదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము కలదు. దాని క్రింద ప్రతి స్థానికసంస్థయు తన పరిధిలోని జీవుల పట్టికను ఉంచవలెను. 2010లో హరిత న్యాయస్థానమును ఏర్పడినది. కాని వ్యాజ్యమునకు సాక్ష్యము కావలెను. కర్మాగారపు మురుగు వాగును చంపినదని వాదించువానిని, ఆ వాగులో ముందు ఏమి బ్రదికియుండెనో చూపుమని ప్రతిపక్షము వకీలు అడుగును. చూపుటకు కాగితము లేనిచో, చచ్చినదానికి బ్రదికిన రుజువు లేదు. మేమే ఆ ప్రశ్న వేయవలసినవారమై యుండి చెప్పుచున్నాము.

ఈ పని కలకత్తాలోని యొక శాఖ చేత మాత్రమే కానేరదు. తెలుగువారు నిలిచియున్న ఊళ్ళు ఒకచోటివి కావు: బరంపురమున ఋషికుల్య కలదు, యానామున గౌతమి కలదు, కోలారున చెఱువులు కలవు, చెన్నపురిన కూవమును అడయారును కలవు. ఒక్కొక్క కళాశాల తన చేరువనున్న యొక్క వాగును తీసికొని, మాసమునకొకసారి అదే చోట అదే విధముగ చూచి, తేదీతో వ్రాసి, ఆ పుస్తకమును గ్రంథాలయమున నుంచినచో చాలును. వలయును, సీసాలును, ఓపికయును తప్ప వ్యయము లేదు. పురుగు భయము గల చోట్ల మోకాళ్ళ వఱకు బూట్లు తొడిగికొని దిగవలెను. నత్తకు మన యూరివారు చెప్పు పేరును లాటిను పేరు ప్రక్కన తప్పక వ్రాయవలెను. అన్నండేలు పుస్తకములలో మిగిలిపోయిన కొఱత అది. దానిని తీర్చుట మన వంతు.